తెరకు తెలివెందుకు?

దసరాకు వచ్చిన మా బావమరిది మెట్ల కింది అరలో మినుకుమంటున్న పచ్చలైటు చూసి ఆగాడు. "బావా, దీన్నింకా ఉంచారా? టీవీలన్నీ స్మార్ట్‌వే కదా. ఈ రోజుల్లో సినిమాల కోసం ఇంట్లో కంప్యూటర్ పెట్టుకునేవాళ్లు ఎవరున్నారు చెప్పండి!" అన్నాడు. అక్కడున్నది టిఫిన్ డబ్బా అంత మినీ పీసీ, దాని పక్కన రెండు హార్డ్‌డిస్కులు. హాల్లోనూ, మా పడగ్గదిలోనూ, మేడ మీద అమ్మ గదిలోనూ ఉన్న మూడు టీవీలకు బొమ్మ అక్కణ్నుంచే వెళ్తుంది. ఆ పూట నేనేమీ అనలేదు. బొబ్బట్టు చేతిలో ఉన్న మనిషితో వాదనేమిటని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

ఎందుకంటే ఆ మాట అతనొక్కడిదే కాదు. షోరూమ్‌లో టై కట్టుకున్న కుర్రాడూ అదే అంటాడు, యూట్యూబ్‌లో గాడ్జెట్లు విప్పి చూపించేవాళ్లూ అదే అంటారు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసే సాఫ్ట్‌వేర్ మిత్రులూ అదే అంటారు. తెలివి టీవీలోనే ఉంది, సినిమా ఓటీటీలో ఉంది, మధ్యలో కంప్యూటర్ దేనికి? టీవీ మరీ పాతదైతే మూడు నాలుగు వేలు పెట్టి ఒక స్టిక్ వెనక గుచ్చితే సరి. ఇదీ లోకాభిప్రాయం. ఇందులో మొదటి మాట తప్పు, రెండోది సగం నిజం. మూడోది, స్టిక్ కొనమన్నది, నిజమే గానీ, వాళ్లు చెప్పే కారణానికి కాదు.

టీవీ అంటే ఒక వస్తువు కాదు, రెండు. ఒకటి తెర. రెండోది ఆ తెర వెనక నక్కి కూర్చున్న చిన్న కంప్యూటర్. తెర పదేళ్లు తేలిగ్గా బతుకుతుంది. వెనకున్నదానికి అంత ఆయుష్షు లేదు, దాన్ని పెట్టేటప్పుడే పిసినారితనంతో పెడతారు కాబట్టి. మన మార్కెట్లో తక్కువ ధరకు దొరికే స్మార్ట్ టీవీలు చాలావాటిలో 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ. ఏడు వేల ఫోన్‌లో కూడా అంతకంటే ఎక్కువే ఉంటాయి. అమ్మ గదిలోని టీవీ ఎనిమిదేళ్ల కిందట కొన్నది. తెర ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. కానీ దాని సొంత యాప్ తెరవాలంటే ముందు అప్‌డేట్ అడుగుతుంది, సరేనంటే స్థలం లేదంటుంది, స్థలం చేద్దామని ఏదైనా తీసేయబోతే అది కంపెనీవాళ్లు పెట్టింది, తీయడానికి వీల్లేదంటుంది. ఈ మూడు మాటలూ చెప్పడానికి ఐదు నిమిషాలు తీసుకుంటుంది. అమ్మ ఈలోపు పూజగదిలో దీపం సరిచేసుకుని వచ్చేది.

ఇది మా టీవీ ఒక్కదాని జాతకం కాదు. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన పాత ఏర్పాటును మూసేస్తే, 2012లోనూ అంతకుముందూ తయారైన అనేక టీవీల్లో ఆ యాప్ ఆగిపోయింది. అంటే వాటిలో కొన్నిటికి మూడేళ్లు కూడా నిండలేదు. 2019 డిసెంబరు 1 నుంచి 2010, 2011 నాటి కొన్ని శామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ పనిచేయడం మానేసింది. ఆ టీవీల్లో ఏ తెరా పగలలేదు, ఏ లైటూ మాడలేదు. ఎక్కడో ఒక కంపెనీ ఒక తేదీ రాసుకుంది, అంతే. తెలివి తెరకు అతికించి అమ్మితే వచ్చే చిక్కు ఇదే. తెలివికి ముసలితనం వచ్చిందని బంగారంలాంటి తెరను కూడా స్క్రాప్‌వాడికి వేయాలి. ఫ్రిజ్ డోరుకు గడియారం బిగించి అమ్మి, గడియారం ఆగిందని ఫ్రిజ్ మార్చమన్నట్టు.

పోనీ ఆ తెలివి మన పక్షానైనా ఉందా అంటే, అదీ అనుమానమే. ఇంట్లోవాళ్లు ఏం చూస్తున్నారో వాళ్లకు తెలియకుండా, అనుమతి లేకుండా లెక్క రాసుకుని ఆ వివరాలు అమ్ముకుందని అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. ఒకటీ రెండూ కాదు, కోటీ పది లక్షల టీవీల సంగతి. 2017లో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డారు. టీవీకి ఇంత తెలివి ఇంత చవగ్గా ఎందుకు పెడుతున్నారని మన షోరూమ్‌లో ఎవరూ అడగరు.

ఇక ఓటీటీలో అన్నీ ఉన్నాయనే మాట. అన్నీ లేవు, ఉన్నవీ ఉంటాయన్న నమ్మకం లేదు. ఒక సినిమా హక్కులు ఇన్నేళ్లకని ఒప్పందం చేసుకుంటారు, గడువు తీరాక అది ఇంకో యాప్‌కు పోతుంది, లేదా ఎక్కడికీ పోకుండా మాయమవుతుంది. డబ్బిచ్చి కొన్నా అంతే. 2023 చివర్లో, ప్లేస్టేషన్ స్టోర్‌లో జనం కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలు డిసెంబరు నెలాఖరుకల్లా తీసేస్తామని సోనీ నోటీసు ఇచ్చింది. గోల జరిగాక కొత్త ఒప్పందం కుదిరి అవి బతికాయి గానీ, 'కొను' అన్న మీట నొక్కినవాళ్లు నిజానికి కొన్నదేమిటో అప్పుడు తెలిసొచ్చింది. మన ఇళ్లలో బీరువా అడుగున సినిమా సీడీలు ఇంకా ఉన్నాయి. అవి గీతలు పడి పాడవచ్చు గానీ, ఏ కంపెనీ నోటీసు ఇచ్చీ వాటిని పట్టుకుపోలేదు.

అసలు ఏ ఓటీటీలోనూ ఎప్పటికీ రానివి కొన్నుంటాయి. మా నాన్నగారి షష్టిపూర్తి 2006లో జరిగింది. వీడియో తీసినతను డీవీడీ ఇచ్చినా, మినీడీవీ టేపులు మూడూ అడిగి తెచ్చుకున్నాను. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే 13 జీబీ అవుతుంది. మూడూ కలిపి 40 జీబీ దాకా వచ్చాయి. అమ్మ నెలకు రెండుసార్లైనా అది చూస్తుంది. తతంగమంతా పరిగెత్తిస్తుంది, పురోహితుణ్ని కూడా వదలదు. రెండో బంతి దగ్గరకు రాగానే మామూలు వేగానికి తెస్తుంది. అక్కడ మా పెద్ద మావయ్య కూర్చుని ఉంటాడు. నెయ్యి వడ్డించేవాడు వస్తాడు. మావయ్య "వద్దు బాబూ, వద్దు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. పెట్టిన చేతి వేళ్ల మధ్య మాత్రం బాగానే సందులు వదులుతాడు. నెయ్యి ఆ సందుల్లోంచి ధారగా పప్పన్నంలోకి దిగుతుంది. అమ్మ ప్రతిసారీ అక్కడే నవ్వుతుంది. హాల్లో చూస్తూ అక్కడ ఆపి, మోకాళ్ల నొప్పితో మెల్లగా మెట్లెక్కి తన గదిలోకి వెళ్లి, పడుకునే ముందు తన టీవీ పెట్టుకుంటే, సరిగ్గా నెయ్యి గిన్నె దగ్గరే మొదలవుతుంది. ఎక్కడ ఆపిందీ గుర్తుపెట్టుకున్నది హాల్లో టీవీ కాదు, అమ్మ గదిలో టీవీ కాదు. మెట్ల కింది డబ్బా. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కడం, ఈ టీవీ ఈ ఫైలు చదవను అనడం, ఇవేవీ అమ్మ దాకా రావు.

ఇంత మంచి ఏర్పాటుకు దండగన్న చెడ్డపేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. తప్పు మా వైపు కూడా ఉంది. 'ఒకే కంప్యూటర్, నాలుగు టీవీలు' అనగానే చాలామందికి, ఒకప్పుడు నాకూ, తోచేది హెచ్‌డీఎంఐ స్ప్లిటర్. కంప్యూటర్ నుంచి ఒక తీగ, దాన్ని నాలుగుగా చీల్చే డబ్బా, నాలుగు గదులకు నాలుగు లావుపాటి కేబుళ్లు. ఒక షాపతను నాకు ఇదే అంటగట్టాడు. కాదు, నేనే అంటించుకున్నాను. కాండ్యూట్ పైపులో ఆ కేబుల్ తల దూరక ఎలక్ట్రీషియన్ ఒక పూటంతా గోడతో కుస్తీ పట్టాడు. చివరికి బొమ్మ వచ్చింది. మా మూడు టీవీల్లోనూ ఒకే బొమ్మ! పిల్లలు హాల్లో కార్టూన్ పెడితే మేడ మీద అమ్మకూ కార్టూనే. హాల్లో 4కే తెర ఉన్నా, అమ్మ గదిలోది పాత తెర కాబట్టి అందరికీ కలిపి ఆ పాత తెర తట్టుకోగలిగిన బొమ్మే వెళ్లేది. ఆపాలంటే మౌస్ మెట్ల కింద ఉంది. పదిహేను మీటర్ల కేబుల్ చివర తెర అప్పుడప్పుడూ నల్లబడి మళ్లీ వచ్చేది, ఎవరో కన్ను గీటినట్టు.

తొంభైల్లో వీధి కేబుల్ ఆపరేటరు చేసింది ఇదే కదా. అతని గదిలో ఒక వీసీఆర్, అక్కణ్నుంచి స్తంభాల మీదుగా, పిట్టగోడల మీదుగా తీగ. రాత్రి తొమ్మిదిన్నరకు అతను ఏ క్యాసెట్ వేస్తే వీధి వీధంతా ఆ సినిమా. మా వీధిలో ఒకరిద్దరు ఫోన్ చేసి "ఆ పాట మళ్లీ వెయ్యవా" అని అడిగేవాళ్లు, అతను వెనక్కి తిప్పి వేసేవాడు, మిగతా ఎనభై ఇళ్లూ నోరుమూసుకుని మళ్లీ చూసేవి. స్ప్లిటర్ పెట్టుకున్న ఇల్లు ఆ కాలానికే తిరిగి వెళ్తుంది. అది చూసి "కంప్యూటర్ పెట్టడం దండగ" అనేవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు చూసింది పంచుకోకూడని దాన్ని పంచిన తీరు. బొమ్మను పంచకూడదు. ఫైలును పంచాలి.

పంచే పద్ధతి వేరు. కంప్యూటర్ ఏ టీవీకీ తీగతో అతుక్కోదు. అది ఇంటి నెట్‌వర్క్‌లో ఒక మూల కూర్చుని ఏ టీవీ అడిగిన సినిమా ఆ టీవీకి అందిస్తుంది. ఇదేం కొత్త ఆలోచన కాదు. 2002లోనే మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీలో మీడియా సెంటర్ ఎడిషన్ తెచ్చింది. ఆ తర్వాత టీవీ పక్కన పెట్టుకునే ఎక్స్‌టెండర్లని చిన్న పెట్టెలు వచ్చాయి; ఒక్క కంప్యూటర్‌కు ఐదు దాకా తగిలించుకోవచ్చు, ఎక్స్‌బాక్స్ 360 కూడా ఆ పని చేసేది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి మీడియా సెంటర్‌ను తీసి పారేశారు. వాడేవాళ్లు తక్కువన్నారు. కావచ్చు. ఒక ఇంట్లో ఒక తెలివి చాలంటే, ప్రతి గదికీ ఒక తెలివి అమ్ముకోవడం కుదరదు కదా అని నాకు లోపల ఒక అనుమానం. కంపెనీలు వదిలేసినా ఉచిత సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఈ పనిని వదల్లేదు. మొదటితరం ఎక్స్‌బాక్స్ కోసం పుట్టిన ఎక్స్‌బీఎంసీ అనే ప్రోగ్రాం పేరు 2014లో 'కోడి' అయింది. ఎంబీ అనే ప్రోగ్రాం తన కోడ్‌కు తలుపులు వేసుకుంటే, ఒప్పుకోనివాళ్లు 2018 డిసెంబరులో పాత కోడ్ పట్టుకుని వేరుపడి జెల్లీఫిన్ మొదలుపెట్టారు. మా మెట్ల కింద ఉన్నది అదే. ఇదే పని చేసే ప్లెక్స్ కూడా మంచిదే, ఇంతకంటే నునుపుగా ఉంటుంది. కానీ 2025 ఏప్రిల్ చివర నుంచి ఇంటి బయట ఉండి మన సొంత ఫైళ్లు చూసుకోవాలన్నా డబ్బు కట్టాలని షరతు పెట్టింది. మన బీరువా తాళంచెవి ఇంకొకరి చేతికివ్వడమెందుకని నేను అటు పోలేదు.

మూడు టీవీలు ఒకేసారి నడిస్తే కంప్యూటర్ కుంగిపోతుందంటారు. లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ సినిమా ఫైలు సెకనుకు 8 నుంచి 10 మెగాబిట్లు అడుగుతుంది. మూడు టీవీలకు 30. గోడలో లాగిన క్యాట్6 కేబుల్‌లో 1000 మెగాబిట్లు పోతాయి. మామూలు హార్డ్‌డిస్కు కూడా 800 దాకా చదివి ఇవ్వగలదు. ఇరుకు ఎక్కడో తెలుసా? ఎక్కువ టీవీల వెనక ఉండే లాన్ పోర్టు 100 మెగాబిట్లదే. 4కే బ్లూరే డిస్కు 128 దాకా అడగొచ్చు. లక్షలు పోసి కొన్న టీవీకి వందల్లో వచ్చే పోర్టు మీద లోభం. తెరకు తెలివి అక్కర్లేదని నేననేది ఊరికే కాదు.

ఇంకో ముక్క కూడా ఉంది. టీవీకి ఫైలు భాష అర్థమైతే కంప్యూటర్ చేసే పని దాదాపు శూన్యం, పోస్ట్‌మాన్‌లా అందించి ఊరుకుంటుంది. అర్థం కాకపోతేనే, అంటే కొత్తరకం హెచ్‌ఈవీసీ ఫైలును దాన్ని చదవలేని పాత టీవీకి పంపాల్సి వస్తేనే, అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఒకప్పుడు దీనికి ప్రాసెసర్ బుసలు కొట్టేది. 2011 నుంచి చాలా ఇంటెల్ ప్రాసెసర్లలోనే ఈ పనికి క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం పెడుతున్నారు. నేను సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన ఎనిమిదో తరం ఐ5. పదకొండు వేలు. రెండు టీవీలకు ఫైళ్లు మార్చి పంపుతున్నప్పుడు కూడా దాని ఫ్యాను చప్పుడు పక్కనున్న ఇన్వర్టర్ రొదలో వినబడదు.

ఇప్పుడు స్టిక్ సంగతి. నేను స్టిక్‌కు విరోధిని కాను. మా మూడు టీవీలకూ మూడున్నాయి. జెల్లీఫిన్ యాప్ వాటిలోనే ఉంది, అమ్మ చేతిలో ఉన్నది ఆ రిమోటే. ఓటీటీలు కూడా వాటిలోనే చూస్తాం, ఎందుకంటే ఓటీటీవాళ్లు బొమ్మకు తాళం వేసి పంపుతారు. ఆ తాళం తీసే ఏర్పాటు స్టిక్‌లో ఉన్నట్టు కంప్యూటర్ బ్రౌజర్‌లో ఉండదు, అక్కడ చాలాసార్లు తక్కువరకం బొమ్మే ఇస్తారు. ఈ ఒక్క విషయంలో మా బావమరిది గెలిచాడనే ఒప్పుకుంటాను. అయితే స్టిక్ చాలదు. అది కిటికీ. బయటికి చూడొచ్చు, ఇంట్లోకీ చూడొచ్చు, సామాను మాత్రం కిటికీలో పెట్టుకోలేం. మూడు కిటికీలు కొని ఇల్లు కట్టుకోవడం అనవసరమని చెప్పే మనిషికి ఏం చెప్పాలి? అందరూ పల్లకీ ఎక్కేవాళ్లయితే మోసేవాళ్లెవరు? స్టిక్ వల్ల అసలు లాభం వేరే ఉంది. దాని తెలివి మందగించిన రోజున నాలుగు వేలతో పోతుంది, నలభై వేల తెర గోడ మీదే ఉంటుంది.

కరెంటు బిల్లు అంటారు. పాత టవర్ డెస్క్‌టాప్ 70 వాట్లు తాగుతూ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు యాభై యూనిట్లు, నిజమే. ఇది డిస్కులతో కలిపి సగటున 15 వాట్లు. నెలకు 11 యూనిట్లు కూడా కాదు. యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున వేసినా తొంభై రూపాయల లోపే. పాతకాలం సీలింగ్ ఫ్యాను ఒక్కటే 75 వాట్లు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే మాట్లాడని మనిషి నా పచ్చలైటు చూసి విద్యుత్ పొదుపు మీద ఉపన్యాసం ఇస్తాడు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయను. ఆ ఒక్క డబ్బా పోతే మూడు టీవీలూ మూగబోతాయి కదా? పోతాయి, పోయాయి కూడా. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒక డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తూ మూడో రోజుకు కన్నుమూసింది. నష్టమేమీ జరగలేదు, ఎందుకంటే పోకూడనివన్నీ రెండో డిస్కులోనూ ఉన్నాయి, ఊళ్లో తమ్ముడి ఇంట్లో మూడో ప్రతీ ఉంది. నిజంగా ఇబ్బంది పెట్టింది ఇన్వర్టర్. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఉన్న ఆ రెప్పపాటులో డబ్బా ఆగి మళ్లీ మొదలయ్యేది. ఇన్వర్టర్ వెనక ఉన్న మీటను మామూలు మోడ్ నుంచి యూపీఎస్ మోడ్‌కు జరపాలని ఏడాది తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ చెబితే గానీ తెలియలేదు. ఇలాంటి చాకిరీ లేదని నేననను. నెలకో ఆదివారం గంటసేపు దీనికి పోతుంది.

కానీ 'అన్నీ ఒకేసారి మూగబోవడం' నా డబ్బాకే ఉన్న జబ్బా? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయిన తర్వాత, హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లు కోసి కుప్పలు పోశారు. ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ పోయింది. ఎన్ని స్మార్ట్ టీవీలుంటే అన్నీ ఒక్కసారే మూగబోయాయి. మా వీధిలోనూ ఫైబర్ తెగింది. రూటర్‌లో ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, అమ్మ మాత్రం మేడ మీద తన సినిమా తాను చూసుకుంటూనే ఉంది. జెల్లీఫిన్‌కు బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు, ఇంట్లో తీగ ఉంటే చాలు. ఎదురింటివాళ్ల పిల్లలు రెండు సాయంత్రాలు మా హాల్లోనే గడిపారు.

ఒక సంగతి ఇక్కడే అనేయాలి, లేకపోతే అపార్థం చేసుకుంటారు. ఇంట్లో మీడియా సర్వర్ అనగానే దొంగ సినిమాల గోడౌన్ అనుకునేవాళ్లున్నారు. కొందరి ఇళ్లలో అదే నిజం కూడా. నేను దాన్ని సమర్థించడం లేదు, దానికోసం ఇంత వాదన అక్కర్లేదు. పెళ్లి క్యాసెట్లు, పిల్లల స్కూల్ డే నాటకాలు, నాన్నగారు చదివి రికార్డు చేసుకున్న పద్యాలు, కొనుక్కున్న సీడీలు, వీటికే నాలుగు టెరాబైట్ల డిస్కు సగం నిండింది.

వీటిని సర్దడంలో ఉన్న తిప్పలు మాత్రం ఏ రివ్యూలోనూ కనబడవు. సినిమా పేరు చూసి పోస్టరు, తారాగణం తెచ్చి అతికించే పని ఈ సాఫ్ట్‌వేర్లే చేస్తాయి. మనవాళ్లు ఒకే పేరుతో ఎన్నిసార్లు తీశారో వాటికేం తెలుసు? 'దేవదాసు' అని ఊరికే రాసి పెట్టాను. అక్కినేని సినిమాకు 2006 నాటి రామ్, ఇలియానా పోస్టరు తెచ్చి పెట్టింది. మధ్యలో 1974లో కృష్ణగారిది ఇంకొకటుంది. ఫైలు పేరు పక్కన 1953 అని ఏడాది వేశాక దారికొచ్చింది.

'మాయాబజార్' ఇంకా తేలలేదు. మూడు సీడీల పాత నలుపు తెలుపు ప్రతి ఒకటి, 2010లో వచ్చిన రంగుల ప్రతి ఒకటి ఉన్నాయి. రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టడం నా పొరపాటు. డబ్బా రెంటినీ ఒకే బొమ్మగా కలిపేసి, నొక్కగానే రంగులదే వేస్తోంది. అమ్మకు ఆ రంగులు నచ్చవు. "శశిరేఖ మొహానికి ఆ పసుపేంట్రా?" అంటుంది. ఈ ఆదివారం రెంటినీ వేరు చేయాలి.